ఓడ కూసేదాకా ఆట

మొన్న శనివారం పొద్దున్న, న్యూజిలాండ్‌లో ఒక చిన్న రేవు ఊళ్ళో, రెండు స్వెట్టర్ల మీద మేనకోడలి భర్త కోటు తొడుక్కుని, తలకి మఫ్లర్ చుట్టుకుని, మడత కుర్చీలో ముడుచుకుని కూర్చుని మా మనుమరాలి, అంటే ఆ మేనకోడలి కూతురి, ఫుట్‌బాల్ ఆట చూస్తున్నాను. పచ్చటి గడ్డి, సన్నటి చినుకు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు వేసుకున్న బుడతలందరూ బెల్లం ముక్క చుట్టూ చీమల్లాగా బంతి చుట్టూ మూగి ఉన్నారు. ఆట మంచి పట్టు మీద ఉండగా రేవు వైపు నుంచి ఓడ కూసింది. పొడుగ్గా, ఒకే ఒక్క కూత. అంతే, నేను లేచి నిలబడిపోయాను. నీళ్ళ సీసా సంచిలో పడేశాను, కుర్చీ మడిచేశాను, "పదండి, పదండి" అని చెయ్యి కూడా ఊపాననుకుంటాను. చుట్టుపక్కల తల్లులూ తండ్రులూ ఈ పెద్దావిడకి ఏమైందోనని చూశారు. ఆడుతున్న పిల్లలు మాత్రం ఒక్కరైనా ఆగలేదు, తలెత్తి చూడనైనా లేదు. సిగ్గుపడి మళ్ళీ కూర్చోబోతూ అవతలి గీత వైపు చూద్దును కదా, అక్కడ నాలాగే ఇంకొకావిడ కూడా లేచి నిలబడి ఉంది. మా మేనకోడలు. ఆ బుడతలకి ఆట నేర్పే ఆవిడగారు బంతుల సంచి భుజాన వేసేసుకుంది కూడాను! ఇద్దరం ఒకరి మొహాలొకరు చూసుకుని పగలబడి నవ్వాం, ఆ నవ్వులోనే ఇద్దరికీ కళ్ళు తడిశాయి.

ఓడ కూస్తే ఆట ఆగాలని ఆ దేశం వాళ్ళకి తెలియకపోవడంలో తప్పేమీ లేదు. అండమాన్‌లో ఉద్యోగాలు చేసినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకి ఇప్పటికే సంగతి తెలిసిపోయి ఉంటుంది. మిగిలినవాళ్ళకి కాస్త నింపాదిగా చెప్పాలి, ఎలాగూ నాకు తొందర లేదు, రిటైరైన లెక్కల టీచరుకి తొందరేముంటుంది!

ముందు ఇక్కడి ఆటల సంగతి చెప్పనివ్వండి, ఈ నెలరోజులుగా చూసి చూసి కడుపు ఉబ్బి ఉంది. శనివారం వస్తే చాలు, ఊరు ఊరంతా పిల్లల్ని కార్లలో వేసుకుని మైదానాలకి బయల్దేరుతుంది. ఒక్కొక్క బుడతకీ బూట్లు, కాలి ముందు కట్టుకునే రక్షరేకులు, పేరు రాసిన సీసా, పేరు రాసిన చొక్కా. ఆట మధ్యలో విరామం ఇస్తే, ఆ వారం వంతు వచ్చిన తల్లి నారింజపళ్ళు నాలుగేసి ముక్కలు కోసి డబ్బాలో తెస్తుంది. పిల్ల కాలు జారి పడితే నలుగురు పెద్దవాళ్ళు పరిగెత్తుతారు. బంతిని తన్నబోయి గాలిని తన్నినా చప్పట్లే. అన్నిటికంటే చోద్యం ఏమిటంటే, ఆ ఈడు పిల్లల ఆటల్లో గోల్స్ లెక్క పెట్టరట! ఎవరు గెలిచారని అడిగితే మా మేనకోడలు, "అది ఇక్కడ అడగకూడదు అత్తా" అంది. లెక్కపెట్టని ఆట ఏమి ఆట, ఉప్పు లేని పప్పు కాకపోతే, అని నేను మొదటి వారం అక్కడే పైకి అనేశాను. తెలుగు తెలిసినవాళ్ళు చుట్టుపక్కల ఎవరూ లేరు కనుక బతికిపోయాను.

మా పోర్ట్‌బ్లెయిర్‌లో మా పిల్లలకి ఈ వైభోగాలేవీ లేవు. నేను శ్రీకాకుళం జిల్లా నుంచి పెళ్ళి చేసుకుని మావారి వెనకాల వచ్చినదాన్ని. ఆయనకి హార్బరు ఆఫీసులో ఉద్యోగం, జంగ్లీఘాట్‌లో ఇల్లు, తర్వాత నాకూ ఒక బడిలో లెక్కల టీచరు పని దొరికింది. ఆడపిల్లల వాలీబాల్ జట్టు ఓడ మీద వేరే దీవులకి వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా వెంట ఒక ఆడ టీచరు ఉండాలి, మిగిలినవాళ్ళందరికీ ఓడెక్కితే వాంతులు. నాకు రావు. ఆ ఒక్క అర్హత మీద నన్ను జట్టుకి ఇన్‌ఛార్జిని చేశారు, అంతే తప్ప బంతి గుండ్రంగా ఉంటుందన్న సంగతి మించి నాకేమీ తెలియదు. మా పిల్లలది ఉన్నది ఒకటే బంతి, కుట్లు విప్పితే చెప్పులు కుట్టేవాడి దగ్గరికి పోయేది. నెట్టు అంటే జంగ్లీఘాట్ రేవులో మన తెలుగు జాలర్లు చేపలు పట్టి పట్టి పారేసిన వలే, దాన్ని ఎంత ఉతికినా ఎండాకాలంలో దాని పక్కన నిలబడితే పులుసు వాసనే. పిల్ల పడితే పరిగెత్తేవాళ్ళెవరూ లేరు, "లే, దులుపుకో" అనేవాళ్ళు.

ఇక ఆ కూత సంగతి. దీవుల్లో బడులన్నీ ఒకరితో ఒకరు ఆడుకోవాలంటే ఓడే గతి. మేం ముందురోజు వెళ్ళి అక్కడి బడిలో పడుకుంటాం, మర్నాడు ఆట. మమ్మల్ని తిరిగి తీసుకెళ్ళే ఓడ రేవులో బియ్యం, సిమెంటు, గ్యాసు బండలు దించుకుంటూ ఉంటుంది. దించడం ఎప్పుడు అయితే అప్పుడు కూస్తుంది, దానికో గంట, నిమిషం ఏమీ లేవు. మొదటి కూతకి ఎక్కడి ఆట అక్కడ ఆగాలి. బంతి చంకన పెట్టుకుని రేవుకి పరిగెత్తాలి, రెండో కూతకి ఓడెక్కే మెట్లబల్ల ఎత్తేస్తారు, అది పోతే మళ్ళీ ఓడ ఎప్పుడో ఆ దేవుడికే తెలియాలి. అందుకని మా దగ్గర ఒక కట్టుబాటు ఏర్పడిపోయింది. ఓడ కూసేసరికి ఎవరు ముందుంటే వాళ్ళే గెలిచినట్టు. అది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు, ఏ దీవిలోనూ ఎవరూ కాదనలేదు. ముందున్న జట్టు పిల్లలకి అకస్మాత్తుగా బూట్ల తాళ్ళు ఊడిపోయేవి, కంట్లో నలుసులు పడేవి, దాహాలు వేసేవి. వెనకబడ్డ జట్టు పిల్లలు బంతి కింద పడకముందే పరుగెత్తి ఎత్తుకొచ్చేవాళ్ళు. అంపైరు విజిల్ కంటే కూతకే విలువ ఎక్కువ. ఇలా ముప్ఫై ఏళ్ళు గడిస్తే ఓడ కూతకి కాళ్ళు వాటంతటవే లేవక ఏం చేస్తాయి!

హట్ బే అని, పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఓడలో దాదాపు పగలంతా ప్రయాణం, లిటిల్ అండమాన్ దీవిలో రేవు. మా ఆడపడుచు వాళ్ళు అక్కడ ఉండేవాళ్ళు. మావారికి అక్క, నాకు వదిన. ఆవిడ భర్తని నేను అన్నయ్య అనేదాన్ని, ఆయన రేవు దగ్గర కిరాణా కొట్టు నడిపేవాడు. పేరుకి కొట్టు, పని అంతా ఆటల మీద. దీవిలో ఏ పిల్లలు ఏ ఆట ఆడినా నెట్టు కట్టేదీ గీతలు గీసేదీ ఆయనే. ఆదివారం తెల్లవారగానే ఒక డబ్బాలో సున్నం, ఒక పురికొస చుట్ట తీసుకుని సముద్రం ఒడ్డు మైదానానికి వెళ్ళిపోయేవాడు. పురికొస లాగి కట్టి, దాని వెంట వంగి వంగి సున్నం పోస్తూ గీస్తే, ఆ గీత అంగుళం అటూ ఇటూ పోయేది కాదు. కాళ్ళకి చెప్పులుండేవి కావు. ఇంటికి వచ్చేసరికి రెండు పాదాలూ తెల్లగా ఉండేవి. ఆ పాదాలతోనే గడప దాటి నేరుగా వంటింట్లోకి నడిచేవాడు. అలికినంత శ్రద్ధగా తడిగుడ్డ పెట్టుకున్న గచ్చు మీద తెల్లటి అడుగులు చూసి మా వదిన ఇంటి కప్పు ఎగిరిపోయేటట్టు అరిచేది. "ఏటయ్యా, ఇల్లనుకున్నావా, గ్రౌండనుకున్నావా?" ఆయన నవ్వేవాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు, మా మేనకోడలు. హట్ బే బడి జట్టులో సర్వీసు చెయ్యడంలో దాని తర్వాతే ఎవరైనా. మా జట్టు అక్కడికి వెళ్ళినప్పుడల్లా అత్తనైన నా మీద జాలి లేకుండా మమ్మల్ని ఓడించి, ఆ పైన భోజనానికి పిలిచేది.

సునామీ వచ్చిన ఆదివారం సంగతి మీకు చెప్పక్కర్లేదు, ఆ పొద్దున్న ఎవరెవరం ఎక్కడ ఉన్నామో మనందరికీ గుర్తే. క్రిస్మస్ మర్నాడు. హట్ బేలో ఆ రోజు ఆట ఉంది. అన్నయ్య ఎప్పటిలాగే సున్నం డబ్బాతో వెళ్ళాడు. భూమి ఊగింది. ఇళ్ళు కూలతాయని భయపడి కొండ వైపు పరిగెడుతున్న పక్కింటాయన మైదానం దగ్గర ఆయన్ని చూసి, రమ్మని కేక వేశాడట. ఒక పక్క గీసేసి రెండో పక్కకి పురికొస కట్టుకుంటున్నాడట ఆయన. "ఈ గీత ఒక్కటీ పూర్తిసేసి వస్తాను, నువ్వు పద" అన్నాడట. భూమి ఊగాక సముద్రం వస్తుందని మనలో ఎవరికి తెలుసు? నాకు తెలుసా, మీకు తెలుసా? ఊగడం ఆగింది కదా, అయిపోయిందనుకున్నాడు. వదినా పిల్లా ఇరుగుపొరుగువాళ్ళతో కొండెక్కేశారు. ఆయన రాలేదు.

ఆ తర్వాత తల్లీకూతుళ్ళిద్దర్నీ మావారు వెళ్ళి తీసుకొచ్చారు. జంగ్లీఘాట్ ఇంట్లో రోజూ సముద్రం కనిపిస్తోందని వదిన అన్నం ముట్టకపోతే, బతు బస్తీలో లోపలికి ఒక ఇల్లు అద్దెకి తీసుకుని అందరం అక్కడికి మారిపోయాం. మేనకోడల్ని మా బడిలోనే చేర్పించాను. వదిన ఏడవడం నేను పెద్దగా చూడలేదు. ఆ ఒక్క మాటే తవ్వుకునేది, కూరగాయలు తరుగుతూ తరుగుతూ ఆగి, "ఆ గీత ఏటి మరదలా, అంత ముఖ్యమా? వంకరైతే ఏటయ్యేది?" అనేది. లెక్కలు చెప్పుకు బతికినదాన్ని, ఆ లెక్క మాత్రం నాకు రాలేదు. పిల్ల మా జట్టులో చేరితే వద్దనలేదు కానీ, ఊళ్ళో ఆటల వరకే. ఓడ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయేది. ఆట చూడ్డానికి ఒక్కసారి కూడా రాలేదు. సాయంత్రం పిల్ల ఆడి వస్తే, పెరట్లోనే కాళ్ళు కడిగించి, తుడిపించి, ఆ తర్వాతే ఇంట్లోకి రానిచ్చేది.

ఏడాది దాటింది. హట్ బేలో మైదానం బాగుచేశారు, కొట్టుకొచ్చిన దుంగలూ పగడపు రాళ్ళూ ఊరివాళ్ళే ఎత్తిపోశారు, బడుల పోటీలు అక్కడే పెడుతున్నారని కబురొచ్చింది. ఆ మైదానమే, వేరేది కాదు. మేనకోడలు వెళతానని అడగలేదు, అలగలేదు, బంతి మాత్రం పక్కలో పెట్టుకుని పడుకుంది. దాని ప్రాణమంతా అక్కడే ఉందని నాకు తెలుసు, తల్లికీ తెలుసు. పంపితే ఒక భయం, పంపకపోతే ఒక భయం, మధ్యలో నేను. ఇన్‌ఛార్జి టీచరుగా అడగాలా, అత్తగా నోరు మూసుకోవాలా అని కొట్టుకున్నాను. ఆఖరికి ఒక పూట వదినే అన్నం వడ్డిస్తూ మావారితో చెప్పింది.

"పిల్లకి టికెట్టు తియ్యిరా తమ్ముడూ. నాక్కూడా తియ్యి. ఒడ్డున కూకుని ఎదురు సూడ్డం నా వల్ల కాదు. వస్తే ఇద్దరం వస్తాం, పోతే ఇద్దరం పోతాం."

మావారు తింటున్న అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నారు. మర్నాడు పొద్దున్నే ఫీనిక్స్ బేకి వెళ్ళి టికెట్ల వరసలో నిలబడ్డారు.

ఆ ప్రయాణం ఎప్పటికీ మరిచిపోలేను. వదిన ఓడెక్కుతూనే తన చీర కొంగూ పిల్ల చున్నీ కలిపి గట్టిగా ముడి వేసింది. జట్టు పిల్లలు ముసిముసిగా నవ్వారు, నేను కళ్ళెర్రజేస్తే ఊరుకున్నారు. కిటికీ లేని చోటు చూసుకుని కూర్చుంది. హట్ బే వచ్చేదాకా కళ్ళు తెరవలేదు, ముడి విప్పలేదు. పిల్ల బాత్‌రూమ్‌కి వెళ్ళాలంటే ఇద్దరూ కలిసే వెళ్ళారు. ఆ పిల్ల విసుక్కోలేదు, తల్లి భుజం మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది. నాకు వాంతులు రావని చెప్పుకున్నాను కదా, ఆ రోజు వచ్చాయి.

మర్నాడు ఆట. పాత కొట్టు ఉన్న చోట రేకుల షెడ్డు, కొబ్బరిచెట్లు సగానికి సగం లేవు, మైదానంలో గడ్డి ఇంకా మొలవలేదు. గీతలు మాత్రం కొత్త సున్నంతో తళతళా మెరుస్తున్నాయి. ఊరంతా వచ్చేసింది, ఇళ్ళు పోయినవాళ్ళు తలదాచుకుంటున్న షెడ్లలోంచి ముసలివాళ్ళతో సహా. మా ప్రత్యర్థులు హట్ బే బడి పిల్లలే, అంటే మేనకోడలి పాత జట్టే. ఆట మొదలుకాక ముందు వాళ్ళందరూ దాన్ని చుట్టేసుకుని ఏడ్చారు, విజిల్ వెయ్యగానే కళ్ళు తుడుచుకుని ఒకళ్ళనొకళ్ళు తినేసేటట్టు ఆడారు. వదిన సంచీ కింద పెట్టుకుని, దాని మీద కూర్చుంది, సముద్రానికి వీపు, ఆటకి పక్క. కన్ను మాత్రం పిల్ల బూట్ల మీద. మొదటి సెట్టు వాళ్ళది, రెండోది మాది. మూడోది చివరికంటా వచ్చి, మేం ఒక్క పాయింటు ముందున్నాం, సర్వీసు మా మేనకోడలిది. అది గీత దగ్గర బంతి నేలకేసి కొట్టుకుంటూ నిలబడింది.

అప్పుడు ఓడ కూసింది.

మా పిల్లలు గాల్లోకి ఎగిరారు. ముందున్నాం కనుక గెలిచాం, కట్టుబాటు ప్రకారం అందులో వాదన లేదు. హట్ బే పిల్లలు తలలు దించుకుని నెట్టు కింద నుంచి వచ్చి చేతులు కలపబోయారు. జనం కూడా మెల్లగా లేస్తున్నారు. మేనకోడలు బంతి చంకన పెట్టుకుంది. నేను బుర్రల లెక్క చూసుకుంటూ సంచులు అందుకోమని కేకలేస్తున్నాను. అంతలో వదిన లేచి, ఏడాదిగా ఏ ఆటా చూడని మనిషి, నేరుగా కోర్టు మధ్యలోకి నడిచి వచ్చింది.

"ఏటే, అయిపోయిందా?"

"హారన్ అయింది కదమ్మా, గెలిచాం. పద, జల్దీ."

వదిన కింద సున్నం గీత వైపు చూసింది. ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది.

"సగంలో ఒగ్గేసిన గీత ఒకటి సాలు మనింటికి. పూర్తిసేసి రా. ఓడ సంగతి నేను సూస్తాను."

అని సంచీ చంకలో పెట్టుకుని రేవు వైపు నడిచింది. నడవడం కాదు, పరుగే. ఆ మనిషికి నీళ్ళంటే ఎంత భయమో నాకు తెలుసు. అంపైరుతో ఏదో చెప్పేసి, జట్టుని ఆయనకి వదిలేసి ఆవిడ వెనకాల నేనూ పరిగెత్తాను. నేను చేరేసరికి మా వదిన ఓడ మెట్లబల్ల మొదట్లో ఒక కాలు జెట్టీ మీద, ఒక కాలు బల్ల మీద పెట్టి, రెండు చేతులతోనూ తాళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. కింద నీళ్ళు కనిపిస్తున్నాయి. కళ్ళు మూసుకోలేదు.

"దీదీ, చఢో యా హటో! ఎక్కండి, లేపోతే దిగండి, బల్ల ఎత్తేయాలి" అని ఓడ మనిషి అరుస్తున్నాడు.

"రుకో భయ్యా. నా బచ్చీ ఆడతంది. అయినాక ఎక్కుతాను."

"టైమ్ హో గయా దీదీ!"

"నా మొగుడు ఆ గ్రౌండ్‌లోనే పోయేడు భయ్యా. గీత గీత్తా గీత్తా పోయేడు. కొంచెం రుకో."

అతను తలెత్తి పైకి చూశాడు. పైన రెయిలింగు దగ్గర నుంచి కెప్టెను కిందికి చూశాడు. సునామీ తర్వాత ఆ దీవికి బియ్యమూ మంచినీళ్ళూ తెచ్చి, అక్కణ్ణుంచి మనుషుల్ని మోసుకెళ్ళినవాళ్ళు వాళ్ళంతా. ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. రెండో కూత రాలేదు. జెట్టీ మీద కూలీలు మూటల మీద కూర్చుండిపోయారు. నేను వదిన నడుం పట్టుకుని నిలబడ్డాను. మైదానం మాకు కనిపించడం లేదు, షెడ్లు అడ్డం. చప్పుడు మాత్రం వినిపిస్తోంది. బంతి చప్పుడు, అరుపు, మళ్ళీ బంతి, మళ్ళీ అరుపు. అది ఎవరి అరుపో పోల్చుకోలేకపోయాం. ఆఖరికి ఒక్కసారిగా ఊరు ఊరంతా అరిచింది. అలా ఇలా కాదు, జెట్టీ అదిరింది. ఏడాదిలో ఆ ఊళ్ళో అంతమంది కలిసి సంతోషంతో అరవడం అదే మొదటిసారని తర్వాత ఎవరో చెప్పారు.

ఊరు అరిచిందంటే మేం ఓడిపోయామన్న మాట. నాకు అర్థమయింది, వదినకి కాలేదు.

మా పిల్లలు మొహాలు వేలాడేసుకుని పరిగెత్తుకొచ్చారు. చేతికొచ్చిన గెలుపు పోయిందని ఒకరిద్దరు వదిన వైపు కోపంగా కూడా చూశారు, చిన్నపిల్లలు, వాళ్ళనేమంటాం. వెనకాల హట్ బే పిల్లలు ఓడ దాకా సాగనంపడానికి గెంతుకుంటూ వస్తున్నారు. అందరి మధ్యలో మేనకోడలు, చేతిలో బూట్లు. తాళ్ళు తెగాయేమో, వట్టి కాళ్ళతోనే ఆడినట్టుంది. పాదాలు రెండూ సున్నంతో తెల్లగా ఉన్నాయి.

"అయిందా?" అంది వదిన.

"అయిందమ్మా. ఓడిపోయాం. నా సర్వీసే నెట్టుకి తగిలింది, తర్వాత మరి లేవలేకపోయాం."

"పూర్తయింది కదా. సర్లే, ఎక్కు."

అని అప్పటికి బల్ల మీది నుంచి కాలు తీసి పక్కకి తప్పుకుంది. పిల్ల ఎక్కింది. ఇనప మెట్ల మీద ఒక్కొక్కటే తెల్లటి అడుగు పడింది. వదిన ఆ అడుగుల్ని చూసింది. తడిగుడ్డ అడగలేదు, కాళ్ళు కడుక్కోమనలేదు. వాటి మీద తన కాలు పడకుండా చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని, పక్కపక్కగా అడుగులేసుకుంటూ ఓడెక్కింది. లోపలికి వెళ్ళి కూర్చున్నాక, అప్పుడు ఏడ్చింది. ఏడాది ఏడుపూ ఒక్కసారే ఏడ్చి, నా ఒళ్ళో తలపెట్టుకుని నిద్రపోయింది. తిరుగు ప్రయాణంలో కొంగుకి ముడి వెయ్యలేదు. పిల్ల డెక్కు మీద తోటివాళ్ళతో గొంతు పోయేలా పాడుతోంటే మేము కింద వింటూ ఉన్నాం.

ఆ తర్వాత కాలం తన దారిన తాను నడిచింది. మేనకోడలు నర్సింగు చదివింది, ఉద్యోగం వెతుక్కుంటూ ఈ దేశం దాకా వచ్చింది, ఇక్కడ శనివారాలు చిన్నపిల్లల జట్టుకి ఊరికే ఆట నేర్పుతుంది. ఈ ఏడు వదిననీ నన్నూ రప్పించింది. వదిన విమానం ఎక్కడానికి ఏ పేచీ పెట్టలేదు. చలికి మాత్రం ఓర్చుకోలేక శనివారం పొద్దున్న ఇంట్లోనే ఉండిపోయి మాకోసం పెసరట్లు పోస్తుంది.

మొన్న మేం తడిసిన బట్టలతో ఇంటికి వచ్చాక నేను ఆగలేక, ఓడ కూస్తే మేమిద్దరం లేచి నిలబడ్డ సంగతి నటించి మరీ చూపించాను. మనుమరాలు పడీ పడీ నవ్వింది. ఓడ కూస్తే ఆట ఎందుకు ఆపాలి అని దాని అనుమానం. వాళ్ళమ్మ చెప్పబోయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక దాని తడి చొక్కా విప్పసాగింది. వదిన నవ్వలేదు. అట్లకాడ చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగింది.

"లేస్తే లేసేరు గానీ, ఆట పూర్తయ్యేదాకా ఉన్నారా, నడిమిట్లో లేసొచ్చేసేరా?"

"పూర్తయ్యేదాకా ఉన్నామమ్మా."

"ఎవరు గెలిచేరు?"

"ఇక్కడ లెక్క పెట్టరమ్మా, చిన్నపిల్లలకి."

నేను నా ఉప్పు లేని పప్పు మాట మళ్ళీ అనబోతున్నాను. వదిన పెనం మీద అట్టు తిరగేస్తూ, "మంచి పనే సేత్తన్నారు" అంది. నేను నోరు మూసుకుని నా అట్టు తిన్నాను.

ఇప్పుడు మా దీవుల్లోనూ ఆటలు మారిపోయాయని వింటున్నాను. దీపాల వెలుగులో ఆడతారట, ముందే పట్టిక వేస్తారట, వేగంగా పోయే పడవలొచ్చాయి, టికెట్టు ఫోనులోనే దొరుకుతుంది. ఆట పూర్తయ్యాకే పడవ చూసుకుంటారు. నెట్టుకి చేపల వాసన లేదు, గీతలకి ఏదో రంగు, అది పాదాలకి అంటదు. మంచిదే, ఏ పిల్లా సగంలో ఆట వదిలేసి పరిగెత్తక్కర్లేదు. నా మనుమరాలికి ఓడ కూత వట్టి ఓడ కూతే, అది ఎప్పటికీ అలాగే ఉండాలనే నా కోరిక. కానీ పచ్చగడ్డి మీద నుంచి దాని పాదాలు శుభ్రంగా ఇంట్లోకి వస్తే, మా వదిన ఒక్క క్షణం గచ్చు వైపు చూస్తుంది. రోజూ చూస్తుంది. తుడవడానికి అక్కడ ఏమీ ఉండదు.